గొంతు దాచుకునే చోటు

కబైగ్వాన్‌లో ఒస్నీల్ ఇంటి ముందు గదే అతని కొట్టు. హవానా నుంచి వారం వారం వచ్చే సీరియళ్ళూ సినిమాలూ ఊరందరి పెన్‌డ్రైవుల్లోకీ అక్కడే ఎక్కుతాయి. వచ్చిన డ్రైవును వచ్చినట్టు ఖాళీ చేసి నింపడమే ఆ కొట్టు పద్ధతి. లోపల ఏముందని అడిగే తీరిక ఎవరికుంది? ఆ శనివారం సాయంత్రం కొత్త పెన్‌డ్రైవు కోసం నెరెయిదా వచ్చి చాలాసేపైంది, ఆమెకు ఇంకా ఒక్కటీ నచ్చలేదు.

“చిన్నది కావాలన్నాను కదా, ఒస్నీల్.”

“ఎంత చిన్నదక్కా? ఇదిగో, అరవై నాలుగు జీబీ. ఇంతకంటే చిన్నది ఈ రోజుల్లో ఎవరూ అడగరు.”

“అందుకే అడుగుతున్నా. పెద్దదైతే పక్కింటి మిగ్దాలియా ఒక్క పూట ఇవ్వమంటుంది. ఇవ్వకపోతే మూతి ముడుచుకుంటుంది. ఇచ్చానా, ఆవిడ మరిదికి పోతుంది, వాడి దగ్గర్నుంచి ఇంకొకడికి. ఎవరికీ పనికిరానిది ఇవ్వు.”

“పనికిరానిదాంట్లో పెద్దాయన పద్యాలు పెడతావా?”

“నాన్న పద్యాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. ఆ ఎర్రది?”

“అది వద్దు. పైన ఐదొందల పన్నెండని రాసుంటుంది, ఎనిమిది జీబీ దాటాక ఏది ఎక్కించినా మింగేస్తుంది.”

“అలాంటిదెందుకు అమ్ముతున్నావు?”

“అమ్మట్లేదు. ఎవడో నన్ను ముంచాడు, బుద్ధి రావాలని ఎదురుగా పెట్టుకున్నా.”

“మరి ఈ ఇనపది?”

“గట్టిదే. కాస్త వేడెక్కుతుంది. అక్కా, ఇవాళ వద్దులే. కరెంటు పోయే వేళైంది. కాపీ మధ్యలో పోయిందంటే పాతదీ కొత్తదీ రెండూ పాడవుతాయి. మంగళవారం రా.”

“సోమవారం నాన్నకి గొంతు ఆపరేషనని నీకు తెలీదా? స్వరపేటికంతా తీసేస్తామన్నారు. ఇక ఆయన నోట మాటనేదే ఉండదు. మంగళవారం రమ్మంటావేంటి?”

“ఆపరేషనుకీ కాపీకీ సంబంధం ఏముంది?”

“నాకు నిద్ర పట్టట్లేదు, అదీ సంబంధం. నెలంతా పక్కన కూర్చుని పాడించుకున్నా. అన్నీ ఆశువుగా చెప్పినవి, మళ్ళీ చెప్పమంటే ఆయనకే గుర్తుండవు. ఫోన్లో చోటు చాలక దీన్లోకి మార్చి, అక్కడ చెరిపేశా. ఉన్నది ఇదొక్కటే. ఇదిగో పాతది, పెట్టు. నేను కొత్తది చూసుకుంటా.”

“కాఫీ తాగుతావా? అమ్మ ఇప్పుడే కాచింది.”

“వద్దు. పెట్టు.”

“చల్లారిపోతుందక్కా.”

“ఒస్నీల్, పెట్టమంటున్నా కదా. ఏమైంది నీకు, చేతులు అలా నలుపుకుంటున్నావు?”

“ఏం లేదు. పెట్టాను, చూడు.”

“ఇదేంటి, సీరియలు. తర్వాతది తెరువు. ఇదీ సీరియలే. ఆ తర్వాతది. కిందకి పో, ఇంకా కిందకి. నాన్నవేవి?”

“లేవక్కా.”

“లేవంటే?”

“తుడిచేశా. పొరపాటైంది. రోజూ చేసే పనే కదా, చూసుకోలేదు.”

“నా డ్రైవు నీ దగ్గరకెలా వచ్చింది? నేనివ్వలేదే.”

“ఎవరో తెచ్చారు.”

“ఎవరో అంటే ఎవరు? మిగ్దాలియానా?”

“ఆవిణ్ణేమీ అనకు. తప్పు నాదే. ఇదిగో, ఈ ఇనపది ఊరికే తీసుకుపో.”

“నీ ఇనపది ఎవడిక్కావాలి? దాంట్లో ఏం పెట్టుకోను, నీ మొహమా? సరే. సరే, ఏడవను. ఇంకా సోమవారం రాలేదు. ఇప్పుడే ఇంటికి పోయి మళ్ళీ పాడిస్తా. నీ ఫోనివ్వు. ఇంకా గొంతుంది కదా ఆయనకి.”

“పాడడక్కా.”

“ఎందుకు పాడడు? నేనడిగింది ఎప్పుడైనా కాదన్నాడా?”

“ఆగు, ఎక్కడికి? కూర్చో. గురువారం మీ నాన్నే, ఎవెలియో తాతే వచ్చాడు. కర్ర ఆనించుకుంటూ అంత దూరం నడిచొచ్చాడు. డ్రైవు నా చేతిలో పెట్టి, మొత్తం తుడిచి మా అమ్మాయికిష్టమైన టర్కీ సీరియలు ఎక్కించమన్నాడు. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు.”

“అబద్ధం.”

“అబద్ధమైతే బాగుండేది. నేనూ పోట్లాడా. అమ్మాయి ప్రాణంలా దాచుకుంది కదా తాతా, ఇదేం పని అన్నా.”

“ఏమన్నాడు?”

“ఇప్పుడెందుకులే.”

“ఏమన్నాడో చెప్పు, ఒస్నీల్.”

“‘సోమవారం నుంచి నేను మూగవాణ్ణి. అది లోపలి గదిలో కూర్చుని నా గొంతు వింటూ ఏడుస్తుంటే, ఇవతల కుర్చీలో బతికున్నవాణ్ణి నేనేమైపోను? సీరియలైతే ఇద్దరం కలిసి చూస్తాం’ అన్నాడు.”

“అలా అన్నాడా.”

“అలాగే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ తుడిచేదాకా కదల్లేదు. నీళ్ళు తెమ్మంటావా?”

“వద్దు. నువ్వు నిజంగానే తుడిచేశావా?”

“దాన్లోంచి తుడిచా.”

“దాన్లోంచి అంటే?”

“ఆయన కళ్ళజోడు తుడుచుకుంటుంటే ముందు నా కంప్యూటర్లోకి లాగేశా. ఆ పద్యాలు చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. అన్నీ ఉన్నాయక్కా, ఒక్కటీ పోలేదు. ఆయనకిచ్చిన మాట రెండుసార్లు తప్పా, తిట్టేదేదో తర్వాత తిట్టు. లైటు మినుకుమంటోంది, తొందరగా చెప్పు. ఇనపదాంట్లో ఎక్కించనా, ఈ నల్లదాంట్లోనా?”

“ఏదీ వద్దు.”

“అదేంటి? ఇంతసేపూ ఇందుకేగా పోట్లాడావు.”

“నీ దగ్గరే ఉండనీ. నాన్న ఉన్నన్నాళ్ళూ నాకివ్వకు, నేనొచ్చి నీ కాళ్ళు పట్టుకున్నా సరే, లేవనే చెప్పు.”