ఇన్నయ్య సామి అడిగిన మాట

మన ఫాదరు ఇన్నయ్య సామి తుపాకి ముట్టలేదని కాగితం మింద నన్ను వేలిముద్ర వెయ్యమంటే యెట్ల సామీ? ఆయన సంగతి కనుక్కోమని బిషప్పుగారు పంపితే మీరు కువైట్ దాకా వచ్చినారు, నిజమే. కానీ ఇన్నయ్య సామికి వంట చేసి పెట్టినదాన్ని నేను. నాకు తెలీదా?

ఆగస్టులో ఇరాకోళ్లు దిగినాక మనోళ్లంతా బస్సులెక్కి జోర్డాను దావ పట్టినారు. సామి పోలేదు. ఆయన పోలేదని నేనూ పోలేదు. ఈ బ్నీద్ అల్ గార్ పేటలో, ఈ ఇంట్లోనే ఆయన పూజ, నా వంట.

పక్కింటి కువైటీ బడి అయ్యవారిని ఇరాకోళ్లు వాకిట్లోనే కాల్చి, మూడు దినాలు శవాన్ని ఎత్తనీలేదు. నాలుగోనాడు సామే పోయి ఎత్తి, పూడ్చిపెట్టి వచ్చినాడు. చేతులు కడుక్కున్నాడు, అన్నం ముట్టలేదు. మర్సనాడు ఆ అయ్యవారి తమ్ముళ్లు వచ్చినారు. నెల తిరక్కముందే, ఇరాకోళ్ల మింద తుపాకి పట్టిన ఎనిమిదిమందికి సామే పెద్ద.

సామినే యాల పెట్టుకున్నారంటారా? తెల్ల అంగీ ఏసుకున్న ఇండియా ఫాదరును సిపాయిలు ఆపరు గదా. రిగ్గై రోడ్డున రెండు మిలిటరీ లారీలు పేలిపోయినాయే, అది సామి పనే. బియ్యం మూటల కింద తుపాకులు దాచింది నేను.

షర్క్ కాడ చెక్‌పోస్టులో మీసం నెరిసిన ఇరాక్ సిపాయి ఒకడుండేవాడు. నా రొట్టె తీసుకొని, యల్లా యల్లా, పోండి పోండి అని కారును వదిలేసేవాడు.

ఆ పొద్దు మాత్రం, కొత్త ఆర్డరంట, డిక్కీ తెరవమన్నాడు. మిట్టమధ్యాన్నం, కడమ సిపాయిలు అన్నానికి పోయినారు. సామీ నేనూ దిగి చెరొక పక్కన నిలబడినాం. ఆయప్ప మూట జరిపినాడు. తుపాకులు కనపడినాయి. సామి అంగీలోంచి పిస్తోలు తీసి కాల్చేసినాడు.

ఇంటికొచ్చి వంటింట్లో నేల మింద కూలబడినాడు. పాపం చెప్పుకుందామంటే ఇంకో ఫాదరు యాడుండాడు? నా మొగం చూసినాడు.

"తిరుపాలమ్మా, వాని చెయ్యి పైకి లేసింది. అంతే చూసినా. భుజాన ఉన్న తుపాకికే గదా లేసింది?"

"తుపాకికే సామీ," అన్నా.

అప్పుడు లేచి ఇంత అన్నం తిన్నాడు. పదిదినాలకు ఇరాకోళ్లు ఆయన్ను పట్టుకపోయినారు. శవం గూడా ఇయ్యలేదు.

మీరు ఫాదరే గదా, మీకు చెప్తాండా. నేను అబద్ధమాడినా. ఆ సిపాయి చెయ్యి పోయింది డిక్కీ మూత మిందికి సామీ. చూసీ చూడనట్టు డిక్కీ మూస్తా ఉన్నాడు.