గాలి పోని సాక్సోఫోన్

"ఏం మేస్త్రీ, మీ అన్నయ్య సాక్సోఫోన్ బాగుచేసి ఆయన కూతురికి ఇచ్చేశావా? ఆదివారం బ్యాండులో తొలిసారి వాయించాలంటగా!" అని అడిగాను. అదీ నేను చేసిన తప్పు. వాయిద్యాలు బాగుచేసే మా మేస్త్రి టీ గ్లాసు బల్లమీద పెట్టి మొదలెట్టాడు.

"ఇస్తానయ్యా టైలరూ, ఎక్కడికి పోతుంది! ఈ చేతులవల్ల కానిదేముంది? మొన్నామధ్య ఒకాయన ఒక సాక్సోఫోన్ తెచ్చాడు. ఊదితే సా లేదు పా లేదు, బుస్సుమని గాలి. దానికి ఇరవైకి పైగా తోలు మూతలుంటాయి, ఒక్కటి వెంట్రుకవాసి లేచినా గాలి కారిపోతుంది. నేనేం చేశానూ, గది తలుపులేసి గొట్టంలోకి చిన్న బల్బు దించాను. వెలుతురు ఎక్కడ బయటికొస్తే అక్కడే లోపం. పట్టేశాను. మూత సరిచేశాను. అంతే, కోయిలనుకో!"

"ఇంతవరకూ నమ్ముతాం," అంది టీ కొట్టు అక్క.

"నమ్మక ఏం చేస్తావ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకే అనుమానమొచ్చి, మూతలన్నీ మూసి, నిండా నీళ్లు పోసి వసారాలో కొక్కేనికి తగిలించాను. పది రోజులు! కింద చుక్క తడి ఉంటే ఒట్టు. పదకొండో రోజు మా ఆవిడ ఆ నీళ్లే మొక్కలకి పోసింది."

"మొక్కలు పాడాయా?" అన్నాను, ఉండబట్టలేక.

"ఎగతాళి చెయ్యి, చెయ్యి. అసలు సంగతి విను. ఆయన దాన్ని పట్టుకెళ్లి ఒక సభలో వాయిస్తుంటే సగం పాటలో కరెంటు పోయింది. ఊదిన గాలి ఊదినట్టే మూసేసి, పెట్టెలో పెట్టుకుని ఇంటికెళ్లాడు. మర్నాడు పెట్టె తెరిచి ఒక్క మూత ఎత్తాడో లేదో, మిగిలిన సగం పాట దానంతటదే వచ్చేసింది! తాళం తప్పకుండా!"

"బాబోయ్!" అంది అక్క.

"అప్పుడే ఏమైంది! ఇంకొకాయన దూరం ఉద్యోగానికి పోతూ, పెళ్లాం బెంగపెట్టుకుంటుందని నిండా ఒక ఊపిరి ఊది, మూసి ఇచ్చి వెళ్లాడు. ఆవిడ రోజూ పొద్దున్నే ఒక మీట నొక్కడం, లోపల్నుంచి ఆయన 'లేచావా? తలుపు గడియ సరిగ్గా పెట్టావా?' అని అడగడం! గొంతు అచ్చంగా ఆయనదే, ఆ పొడిదగ్గుతో సహా. నేను బిగించిన మూతల్లోంచి ఊపిరి పోదయ్యా. ఏడాదైనా పోదు. ఏడాది రెండు నెలలైనా పోదు. మూసి ఉంచాలి, అంతే. ఎవరూ తెరవకూడదు."

ఆ లెక్క వినేసరికి మా నవ్వు ఆగిపోయింది. వాళ్ల అన్నయ్య వేదిక మీద వాయిస్తూ వాయిస్తూ కుప్పకూలి ఏడాది రెండు నెలలైంది. పొడిదగ్గు ఆయనదే. ఆయన చేతుల్లోంచి జారిపోతున్న సాక్సోఫోన్‌ని పట్టుకుని పెట్టెలో పెట్టింది ఈ తమ్ముడే.

"బాబాయ్."

వెనక అన్న కూతురు నిలబడి ఉంది, చేతిలో ఆ పెట్టెతో. ఎంతసేపట్నుంచి వింటోందో మరి.

"పిన్ని ఇచ్చింది. నీ మంచం కిందే ఉందట," అంటూ బల్లమీద పెట్టి తెరిచింది. గుప్పున మగ్గిన వాసన. తోలు మూతలు బూజుపట్టి అంటుకుపోయాయి. నోట్లో పెట్టుకునే చోట రెల్లు రీడు ఇంకా బిగించే ఉంది, నల్లగా.

"వాయించాక తుడవకుండా మూయకూడదని, రీడు విప్పి ఆరబెట్టాలని నా చెవి మెలేసి నేర్పింది నువ్వే కదా బాబాయ్!"

"గుడ్డ తీశాను తల్లీ," అన్నాడు మేస్త్రి. "తుడిస్తే పోతుందనిపించింది. అన్నయ్య ఆఖరి ఊపిరి... అందులో అదొక్కటేగా మిగిలింది."

"అందులో నాన్న ఊపిరి లేదు బాబాయ్. ఉన్నది చెమ్మ. ఇంకో వానాకాలం ఇలాగే ఉంచితే ఈ సాక్సోఫోన్ కూడా మిగలదు."

దీనికీ ఏదో ఒక కోత కోస్తాడని అతని మొహంలోకి చూశాం. అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏం చెయ్యాలో తెలియక అక్క పొయ్యి తగ్గించింది. కాసేపటికి మేస్త్రి జేబులోంచి మెత్తటి గుడ్డ తీశాడు, రీడుని బిగించిన మరమీద వేళ్లు పెట్టాడు. మళ్లీ వెనక్కి తీసుకుని, గుడ్డ ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"నువ్వు విప్పమ్మా," అన్నాడు. "నావల్ల కావట్లేదు."