ఆవగింజంత కింది బాణం

ఊరివాళ్లే వార్తలు పెట్టి, ఊరివాళ్లే కామెంట్లు రాసే సైటు ఒకటి మా నిడదవోలుకి ఉంది. దాని ద్వారా ఊరికి మేలు చేసినవారికి మహిళా మండలి ఆదివారం శాలువా కప్పాలనుకుంది. ఎవరికో తేల్చాల్సింది కార్యదర్శి సూర్యకళ. అందుకే సీతారామలక్ష్మిగారు శుక్రవారం సాయంత్రమే వాళ్ల అరుగెక్కి కూర్చున్నారు. పక్కన మెర్సీ టీచర్, చేతిలో టీ గ్లాసుతో.

"నా గురించి నేను చెప్పుకోనమ్మాయ్, నీకు తెలుసుగా," అని మొదలెట్టారు సీతారామలక్ష్మిగారు. " ఆ సైటు కట్టింది మా అక్క కొడుకు సూర్యతేజ. మొదట్లో వాడేం చేశాడంటే, ప్రతి వార్త కిందా, ప్రతి కామెంటు కిందా నచ్చితే పై బాణం, నచ్చకపోతే కింది బాణం, రెండూ పక్కపక్కనే ఒకే సైజులో పెట్టాడు. పెళ్లి వార్తకీ కింది బాణమే, చర్చి వార్షికోత్సవానికీ కింది బాణమే! పిన్నీ, మన ఊళ్లో అందరూ ఇంత చెడ్డవాళ్లా అని ఏడుపు మొహంతో వచ్చాడు. ఓరి పిచ్చోడా, మనుషులు చెడ్డవాళ్లు కాదురా, ఉప్పు డబ్బా పొయ్యి పక్కనుంటే చెయ్యి ఊరుకోదు, కూరలో ఉప్పెక్కువవుతుంది, దాన్ని పై అరలో పెట్టు అన్నాను. వాడు కింది బాణాన్ని ఆవగింజంత చేసి ఓ మూలకి తోశాడు. మర్నాటికల్లా ఊరు చల్లబడింది."

"ఇదేదో బాగానే ఉందండి," అంది సూర్యకళ.

"బాగుండటమేంటి, ఇంకా విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనం హెడ్డింగు చూసి కామెంటు రాసేస్తున్నారు. పప్పన్నం తినందే పెరుగు వడ్డిస్తామట్రా, వార్త చివరికంటా వెళ్తేగానీ కామెంటు పెట్టె తెరుచుకోకూడదు అన్నాను. అంతే, ఊరికి చదివే జబ్బు పట్టుకుంది. శుభలేఖలో ముహూర్తం చూసి పక్కన పడేసేవాళ్లు ప్రెస్సు పేరు దాకా చదువుతున్నారు. మందుల షాపులో మాత్రల అట్ట మీద సన్నక్షరాలన్నీ చదివిగానీ కదలట్లేదు. స్టేషన్ బోర్డు మూడు భాషల్లోనూ చదివాకే రైలు కదుపుతానన్నాడట డ్రైవరు!"

"ఏ రైలండీ?" అంది మెర్సీ.

"అన్నీను. అది కాదు అసలు సంగతి. పోయిన వానల్లో గోదారి పొంగి, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారా? ఆ వార్త సైట్లో అన్నిటికన్నా పైన కూర్చుంది. జనం బెంబేలెత్తి పై బాణాలు నొక్కడం, అది ఇంకా గట్టిగా కూర్చోవడం. నేను ఫోన్ చేసి, తేజా, పాతబడే కొద్దీ వార్త కిందికి జారేలా చెయ్యరా అన్నాను. వార్త రెండో చోటికి జారింది, బ్యారేజీ దగ్గర నీళ్లు రెండో హెచ్చరికకి దిగాయి. మూడో చోటికి జారింది, మొదటి హెచ్చరిక. రెండో పేజీకి పంపేసరికి పులస చేపలు ఇసకలో నడిచి వెళ్లాయట! లంకల వాళ్లు ఫోన్ చేసి, అమ్మగారూ, కాస్త పైకి తియ్యండి, చేలకి నీళ్లు చాలట్లేదని బతిమాలారు."

"తీశారాండీ?" అంది మెర్సీ.

"పాపమనిపించి ఒక్క పై బాణం నొక్కాను. రెండు పంటలకి సరిపోయింది. అన్నట్టు, శాలువా మెరూన్ రంగులో తెప్పించమ్మాయ్, నాకు నప్పుతుంది."

సూర్యకళ ఫోన్ తీసింది. "పిన్నిగారూ, చివరిదాకా చదవందే ఎవరూ కామెంటు రాయలేరంటారు?"

"దేవుడు దిగొచ్చినా రాయలేడు!"

"మొన్న సోమవారం మా గేదె తప్పిపోయిందని వార్త పెట్టానండి. కింద మీరు, 'శుభాకాంక్షలు, మీ ఇంట ఇలాంటివి మరెన్నో జరగాలి' అని రాశారు."

మెర్సీకి టీ పొలమారింది.

"బొట్టు పెట్టి దండేసిన ఫోటో పెడితే కొత్తగా కొన్నారనుకోనా? వేలితో ఒక్క లాగు లాగాను, చివరికెళ్లిపోయింది, పెట్టె తెరుచుకుంది..."

"ఆయ్. మీ వెనకాల ముప్పైమంది అలాగే లాగి శుభాకాంక్షలు చెప్పారండి. ఎడమ చెవి చీలి ఉంటుందన్న ఆఖరి వాక్యం చదివింది మెర్సీ టీచరొక్కరే. చెరుకు తోట గట్టున గుర్తుపట్టి ఆవిడే తోలుకొచ్చారు. శాలువా ఆవిడకండి."

సీతారామలక్ష్మిగారు కొంగు సర్దుకున్నారు. "నా కామెంటు అంత తప్పయితే కింది బాణం నొక్కకపోయావా?"

"నొక్కబోయానండి. ఆవగింజంత ఉందిగా, వేలు పెడితే పై బాణమే పడింది."

"చూశావా, నువ్వూ మెచ్చుకున్నావు!"

"మెచ్చుకోలు సరేగానీ పిన్నిగారూ," సూర్యకళ ఖాళీ గ్లాసు అందుకుంటూ లేచింది, "మీ ఉప్పు డబ్బా మాత్రం ఇంకా పొయ్యి పక్కనే ఉన్నట్టుందండి."