రెండంగుళాల తేడా

"ఆ ఫ్రేములవాడు నన్ను నిలువునా ముంచాడే! కొలత పంపితే నిచ్చెనంత చేసి పంపాడు."

పాత సైకిలు చక్రాలు తగిలించిన కొత్త టైటానియం ఫ్రేముకి అటూ ఇటూ కాళ్ళేసి నిలబడ్డాడతను. మడమలు నేలకి ఆనలేదు. భార్య కుట్టు మిషను తొక్కడం ఆపింది.

"కొట్లో ఎక్కి చూసుకోలేకపోయారా?"

"ఇలాంటివమ్మే కొట్టు దగ్గర్లో ఎక్కడేడిసింది? కాలి పొడవు రాసి పంపమన్నారు. ముప్పై రెండని పంపాను."

"ఇన్నేళ్ళుగా మీ ప్యాంట్లు కుడుతున్నదాన్ని, మీ కాలు ముప్పయ్యే. దేంతో కొలిచారు?"

"నీ టేపుతోనే. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు."

"అయ్యో! చివర చిరిగిందని దాని మొదటి రెండంగుళాలు ఎప్పుడో కత్తిరించేశాను. నేనైతే రెండు తగ్గించి లెక్కేసుకుంటాను. నన్నడిగితే నిమిషంలో కొలిచిపెట్టేదాన్ని కదండీ!"

"అడిగితే ఖరీదెంతంటావని..."

"భలేవారే, నేనేమన్నా మింగేస్తానా? వెనక్కి పంపేయండి."

"కొలిచి చేయించుకున్నది వెనక్కి తీసుకోరట."

"పోనీ, ఎవరిచేతనైనా కోయించి అతికించుకోండి. ముఖం అలా పెట్టకండి, చూడలేను. కొత్త మిషన్లకని నేను మనిద్దరి పేరా బ్యాంకులో దాచినదాంట్లోంచి కావలసినంత తీసుకోండి."

అతను ఫ్రేము మీద నుంచి దిగాడు. ఆమె వైపు చూడలేదు.

"అందులో ఏమీ లేదే."

"లేకపోవడమేంటి?"

"ఇదిగో, ఈ ఫ్రేమే. రెండు లక్షల పద్దెనిమిది వేలూ."