జర్మనీలో దొర్లిన సున్నా

"నవ్వకు వినోదూ. ఈ సున్నా నాదే. రాసుకోమ్మా షైనీ, పేరు రత్నం, పెయింట్ షాపు, ముప్పై రెండేళ్ళ సర్వీసు."

ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గేటు ఎదురుగా సుజాతమ్మ టీ కొట్టు. షైని ఒక ఇత్తడి స్టెన్సిల్ రేకు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. రైలు పెట్టెల మీద నెంబర్లెయ్యడానికి దాంట్లో కోసిన పెద్ద సున్నా. షైని ఈ ఊళ్ళోని ఝపటాపూర్ పేట పిల్లే, డిజైన్ చదువుకుని కలకత్తాలో ఒక మ్యూజియంలో పనిచేస్తోంది. వచ్చే వారం అక్కడ ప్రదర్శన: నూరేళ్ళ పోస్టర్లు, టికెట్లు, బోర్డులు, వాటి మధ్య పాత షెడ్డులో దొరికిన ఈ రేకు. కింద పెట్టే కార్డు అయిదింటికి ప్రింటుకెళ్ళాలి. కార్డులో చేసినవాడి పేరు ఒక్కటే ఖాళీ. ఇప్పుడు నాలుగయింది.

కౌంటరు వెనకాల సుజాతమ్మ మాడిన పాలగిన్నె అడుగు గరగరా గీకుతోంది. రత్నం అటువైపు చూడకుండా బెంచీ మీద సర్దుకున్నాడు.

"ఎనభై మూడులో అనుకో. ఒక పెట్టె అర్జెంటుగా ఎల్లాల, నెంబరు నేదు, సుద్ద దారం ఎవులో పట్టుకుపోనారు. నాను వట్టి సేత్తో, గీత కూడా గియ్యకండా, అయిదంకెలూ తిన్నగా ఏసీసినాను. అంతేనా అంటావు? అక్కడికంతే. ఆ తర్వాత ఏటైనాదో తెల్సా? ఫోర్‌మేన్ దాదా రసమట్టం తెచ్చి ఆనించినాడు. బుడగ రవ్వంత పక్కకి జరిగినాది. దాదా నా అంకెలకేసి సూసినాడు, మట్టంకేసి సూసినాడు, 'రత్నం, మట్టమే తప్పు' అని దాన్ని స్టోర్సుకి తిప్పి పంపీసినాడు. ఆ రోజు నించి షాపులోకి కొత్త మట్టం వస్తే ముందు నా నెంబరు కాడ పెట్టి సరిసూసుకునీవోలు!"

"పోయిన్నెల చెప్పినప్పుడు మట్టం కాదు, తూకం గుండు తప్పన్నావు మామా," అన్నాడు వినోద్. వాడు వర్క్‌షాపులో ఫిట్టరు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు.

"గుండు కూడా తప్పే. మద్దెలో రాకు. ఆ పెట్టె హౌరా ఎల్లినాది. అక్కడొక జర్మనీ దొర, మ్యూజియం ఆయన, టీ తాగతన్నాడు. రైలు కదిలిపోతంది. నా అంకెలు ఆయన కంటబడ్డాయి. కప్పు పారీసి, ఎగిరి రైలెక్కి, గొలుసు లాగీసినాడు. 'ఈ అంకెలేసినోడు నాకు కావాల' అని పట్టాల మీద కూకున్నాడు. మూడో నాటికి నాను జర్మనీలో ఉన్నాను, ఖాకీ బట్టల్తోనే, సేతిలో బ్రష్షుతోనే."

"పాస్‌పోర్టు?"

"రైల్వే పాసు సూపించినాను. ఠీక్ హై అన్నారు."

వినోద్‌కి తాగుతున్న టీ పొలమారింది. షైని పెన్ను పక్కన పెట్టి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "మ్యూజియం ఎలా ఉంది తాతా?"

"మన పెట్టెల షెడ్డంత! గోడలన్నీ తెలుపు. మొదటి గదిలో పోస్టర్లు, అక్షరం సుట్టూ తీగలు, పువ్వులు, జుత్తిరబోసుకున్న ఆడోలు. రెండో గదిలో ఎరుపూ నలుపూ, అక్షరాలన్నీ ఏటవాలుగా, ఎవులి మీదకో కొట్లాటకి పోతన్నట్టు. మూడో గదికొచ్చీసరికి తీగా నేదు పువ్వూ నేదు, కొసల్లో తోకల్లేని లావుపాటి అక్షరాలు, మిగతాదంతా ఖాళీ కాగితం. దొర నా భుజం మీద సెయ్యేసి, 'రత్నంగారూ, ఈ తోకలు తియ్యడానికి మా గొప్పోలు యాభై ఏళ్ళు బుర్రలు బద్దలుకొట్టుకున్నారు' అన్నాడు. నాకు నవ్వాగనేదు. ఓరి బాబూ, రేకులో సన్నపు తోక కోస్తే నెల్లాళ్ళకి ఇరిగిపోద్ది, మా షాపులో ఎప్పుడో తీసీసినాం, దీనికంత సదువెందుకూ అన్నాను. హాలంతా నిలబడి సప్పట్లు! పోస్టర్లో ఆడమనిషొకత్తి సిగ్గుపడి జుత్తు ముడేసుకున్నాది!"

"తోకల మాట బాగుంది, రాసుకుంటాను," అంది షైని. రేకు ఎత్తి వెలుతురుకి పట్టింది. సున్నాకి పైనొకటి, కిందొకటి కొయ్యకుండా వదిలిన సన్నపు పట్టీలు. "మరి ఈ రెండూ ఎందుకు వదిలారు తాతా?"

"అక్కడికే వస్తన్నాను. గోడ మీద ఒక్క అంకె ఎయ్యమన్నారు. సున్నా ఏసినాను. ఎంత గుండ్రంగా వచ్చినాదంటే, గోడ మీద నిలబడనేదు, దొర్లడం మొదలెట్టినాది! మూడో గది, రెండో గది, మొదటి గది, దానెనకాల ఆరుగురు కాపలావోలు. నాను ఉరికెల్లి పైనొకటి కిందొకటి బ్రేకులేసినాను. ఆ బ్రేకులే ఇయ్యి!"

"అవి లేకపోతే నడిమి బిళ్ళ ఊడి పడిపోతుంది కదా," అంది షైని మెల్లగా.

కౌంటరు వెనకాల గరగర ఆగింది.

రత్నం ఆగలేదు. గొంతు ఇంకా పెంచాడు. "బిళ్ళ సంగతి తర్వాత! జనం దారి తెలక తిరగతన్నారని బయటికి దారి సూపిస్తా ఒక బాణం గుర్తు ఏసినాను. ఆ తర్వాత ఏటైనాదో తెల్సా? ఆ బాణం మాటంటే మాటే! సూసినోడల్లా బయటికి నడిసినాడు. నడిసినోడు ఆగనేదు. మ్యూజియం ఖాళీ, వీధి ఖాళీ, ఊరు ఖాళీ, దొరలూ దొరసానులూ పోస్టర్లో ఆడోలూ అందరూ నడిసి నడిసి మన ఖరగ్‌పూర్‌లో దిగినారు. మన ప్లాట్‌ఫారం పొడుగు గాబట్టి సరిపోనారు గానీ, ఇంకో టేసనైతే సచ్చీవోలే. ఇదిగో, ఈ సుజాతమ్మ కొట్టు కాడే టీకి లైను కట్టినారు. కావాలంటే అడుగు!"

సుజాతమ్మ బయటికొచ్చింది. చేతిలో గిన్నె గీకే ముక్క ఉంది, అర్ధచంద్రంలా వంపు తిరిగిన ఇత్తడి ముక్క. కొంగుతో శుభ్రంగా తుడిచింది.

"ఒకపాలి ఆ రేకు ఇలాగియ్యమ్మా."

రేకు బల్ల మీద పరిచి, ముక్కని సున్నా కుడి పక్క సందులో పెట్టి, బొటనవేలితో నొక్కింది. టక్కున కూర్చుంది. ఒక అంచు పాలగిన్నెల మీద అరిగిపోయింది గానీ మిగతాదంతా వెంట్రుకైనా దూరకుండా అతికింది.

"మా ఆయన తీతు ఈ రేకు కోసిన రోజు ఈ ముక్క జేబులో ఏసుకొచ్చినాడు," అంది. "గిన్నె గీక్కోడానికి బాగుంటాదే అని ఇచ్చినాడు. రెండోది ఎక్కడో పోనాది. ఆయన ప్రభువు కాడికెల్లి తొమ్మిదేళ్ళయినా రోజూ దీంతోనే గీకుతన్నాను."

రత్నం ఆ సున్నా చుట్టూ వేలితో ఒకసారి నిమిరాడు.

"రాయమ్మా, తీతు అని," అన్నాడు. "కోసింది ఆడే. నాను దీని మీద రంగు కొట్టినాను, అంతే. ముప్పై రెండేళ్ళు కొట్టినాను. ఎన్ని పెట్టెలో! ఒక్కదాని మీదా నా పేరు నేదు. మ్యూజియం అనీసరికి ఆశ పుట్టినాది. తప్పయిపోనాది సుజాతమ్మా."

షైని కార్డు మీద తీతు పేరు రాసింది. సుజాతమ్మ వంగి, ఆ అక్షరాలకేసి చూస్తూ నిలబడింది.

"ఇది గోడ మీద పెడతారేటే? నాను వచ్చి సూడొచ్చా?"

"నేనే వచ్చి తీసుకెళ్తానత్తా."

"అయితే కింద రత్నమన్న పేరు కూడా ఎయ్యి. రంగు కొట్టకపోతే రేకులో కన్నమే గానీ సున్నా ఏటుంటాది?"

షైని రాసింది: రేకు కోసినది తీతు, రంగు వేసినది రత్నం. ఫోను తీసి కార్డు ఫోటో ప్రెస్సుకి పంపింది. నాలుగూ యాభై. రత్నం కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, కాళ్ళు చాపుకున్నాడు.

వినోద్ ఊరుకుంటాడా? "అయితే మామా, జర్మనీ ఎల్లింది ఎవులు?"

"తీతే ఎల్లినాడు," అన్నాడు రత్నం, తడుముకోకుండా. "నాను పెయింటు డబ్బా మోసినాను."

సుజాతమ్మ సున్నాలోంచి తన ముక్క ఊడదీసుకుని గిన్నె దగ్గరికి నడిచింది.

"అంత దూరమెల్లి నాకు ఈ గిన్నె గీకే ముక్కే తెచ్చినాడేటన్నా?"