బుడగ మీద పద్దెనిమిది ఇళ్ళు

అనసూయ టీచరని ఒకావిడ గెడ్డపేట బడికి కొత్తగా వచ్చిందంట, సైన్సు చెప్పడానికి. గెడ్డపేటంటే ఎంతనుకున్నారు, పద్దెనిమిదే ఇళ్ళు. ఒకళ్ళు దగ్గితే ఊరంతా ఉలిక్కిపడేటంత ఇరుకు. ఈవిడకేమో ఉత్త నోటితో చెప్పడం నచ్చదు, అన్నీ పిల్లల చేత చేయించాలి. నేను కాలేజీలో చదివేటప్పుడు మా లెక్చరరు విశ్వమంతా సుద్దముక్కతో గీసి, గుడ్డతో తుడిచేసి, ఇంటికెళ్ళి పడుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. సరే, అది పక్కన పెట్టండి. ఏమైందంటే, విశ్వం ఎలా సాగుతోందో చూపిస్తానని ఆవిడ ఒక ఎర్ర బుడగ తెచ్చిందంట. చుక్కలు పెట్టడానికి రంగు లేదు. "ఎవరింట్లోంచి వాళ్ళు కాస్త పొయ్యి మసి తెచ్చుకోండర్రా" అంది. ఇప్పుడు, ఆ ఊళ్ళో ఒక పట్టింపుంది. ఏ పొయ్యి మసి ఆ ఇంట్లోనే ఉండాలి, గడప దాటకూడదు. పిల్లలకి చెప్పాలని తోచలేదు, ఆవిడకి అడగాలని తెలీదు. తలా ఒక వేలితో ఇది మా ఇల్లు, ఇది మా ఇల్లు అని చుక్కలు పెట్టారు. గున్నమ్మనే పిల్ల తమ చుక్క పక్కనే ఎదురింటి మామ్మ పొయ్యి మసి తెచ్చి ఆవిడ చుక్క కూడా పెట్టిందనుకోండి. టీచరు బుడగ ఊదింది. "చూశారా, ఏ చుక్కా నడవలేదు. మధ్యలో జాగానే పెరిగింది" అని మూతికి దారం కట్టి మేకుకి తగిలించింది.

మర్నాడు పిల్లలంతా ఆలస్యంగా వచ్చారంట. ఏమర్రా అంటే, ఎప్పటిలాగే బయల్దేరామండీ అంటారు. గోడ మీంచి ఉప్పు అందించే చెయ్యి అందడం లేదంట. ఎదురింటికి పెట్టిన కేక సగంలోనే ఆగిపోతోందంట. బుడగన్నాక రోజూ కాస్త గాలి పోవాలా వద్దా? ఇది తగ్గలేదు సరికదా, పూటపూటకీ పెరుగుతోంది. మూడోనాడు మధ్యాహ్నం గున్నమ్మ ఏడుస్తూ వచ్చింది. వాళ్ళమ్మ చంద్రమ్మ పచ్చి బాలింత, జ్వరం. ఎదురింటి మామ్మ సన్నెమ్మ తెచ్చే జావే ఆవిడకి ఆధారం. "మామ్మ వత్తంది టీచరు. పొద్దుటేల నుంచీ వత్తానే ఉంది, రాట్లేదు" అందంట. టీచరు పరిగెత్తుకెళ్ళి చూసింది. నిజమే. మిట్టమధ్యాహ్నం ఎండలో, చేతిలో గిన్నెతో, అగ్గిపుల్లంత మామ్మ. నడుస్తోంది, నడుస్తోంది, నడుస్తోంది. టీచరు ఎదురెళ్ళింది. ఎంత నడిచినా మామ్మ అగ్గిపుల్లంతే ఉంది. ఇంట్లో బాలింత మూలుగు వినిపిస్తోంది.

అప్పటికి ఆవిడకి మేకు మీది బుడగ గుర్తొచ్చిందనుకోండి. బడికొచ్చి పడింది. "సూదితో పొడిచీండి టీచరు" అని ఒకడన్నాడు. పొడిస్తే ఊరంతా ఒక్కసారిగా ముడుచుకుపోతే? ఒకప్పుడు విశ్వమంతా ఒక్క చుక్కలోనే ఉండేదని పాఠంలో ఆవిడే కదా చెప్పింది! పళ్ళతో ముడి విప్పి, మూతి రెండు వేళ్ళ మధ్య నొక్కి, కాస్త కాస్తగా వదిలింది. గాలి మొహానికి కొట్టింది. పద్దెనిమిది పొయ్యిల పొగ వాసన. అందులోంచి సన్నగా గొంతులు: ఒలే, ఉప్పుందేటి? ఓలమ్మీ, ఇంటికి రాయే! మూడు రోజులుగా చేరని కేకలన్నీ అందులోనే ఉన్నాయంట. ఆవిడ మాత్రం వేళ్ళు వదల్లేదు. గుమ్మంలోంచి గున్నమ్మ అరిచింది: "సాలు టీచరు, సాలు! గోడలు రాసుకుంటన్నాయి!" ఆవిడ చప్పున ముడేసేసింది.

సన్నెమ్మ గడప ఎక్కింది. జావ పొగలు కక్కుతోంది. "ఏటర్రా అలా సూత్తారు? ఇప్పుడే కదా పొయ్యి మీంచి దించి తెచ్చినాను" అందంట. చంద్రమ్మ తాగింది, బతికింది.

ఆ బుడగని బడి బీరువాలో పెట్టారంట. ఏ ఇన్‌స్పెక్టరు వచ్చి తెరవమన్నా, తాళం పోయిందంటారు. నేను ఏటా ఒకసారి గెడ్డపేట వెళ్తాను. ఆ వీధి దాటడానికి నిరుడు పదకొండు అడుగులు పట్టింది, ఈ ఏడు పన్నెండు. నీ మోకాళ్ళ నొప్పి అంటుంది మా ఆవిడ. అయ్యుండొచ్చు.