మూరెడు వెడల్పు పలకలు

ఉదయగిరి పోలీసు స్టేషను, 1954 నవంబరు 24, పగలు పదకొండు గంటలు. సబ్ ఇన్‌స్పెక్టరు గారు అడగగా సాక్షి తన నోటితో చెప్పినది.

నా పేరు ఆదిలక్ష్మమ్మ. వయసు యాభై రెండు. ఉదయగిరి బజారు వీధిలో మాకు సొంత ఇల్లు, ముందు భాగంలో నూనె, బెల్లం టోకు కొట్టు ఉన్నాయి. మా ఆయన పోయాక కొట్టు నా కొడుకు జనార్దనయ్య చూస్తున్నాడు, ఇల్లు నేను చూస్తున్నాను. చనిపోయిన మాలకొండమ్మ నా కోడలు. ఆమె తండ్రి వరికుంటపాడు పెంచలనరసయ్య ఇచ్చిన ఫిర్యాదు మీద నన్ను పిలిపించారు. పిలిస్తే వచ్చాను. నేనేమీ దొంగతనం చేసి దాక్కున్న మనిషిని కాను.

కోడలి సంగతి చెప్పమంటున్నారు. పలకల సంగతి చెప్పకుండా కోడలి సంగతి ఎట్లా చెప్పేదయ్యా? మొదట పలకలు వచ్చాయి.

నెల్లూరులో మా పినతల్లి కొడుకు ఇంట్లో మేడ మీద టేకు పలకల నేల చూశాను. ఒక్కో పలక మూరెడు వెడల్పు. కాలు పెడితే నున్నగా, వెచ్చగా ఉంది. మా వీధిలో అందరివీ సున్నపు మిద్దెలే. మనమూ పెరటి మీదికి వచ్చేట్టు మేడ వేద్దాం, నేల పలకలతోనే వేద్దాం అని కొడుకుతో చెప్పాను. సరే అన్నాడు. వాడు నేను చెప్పినదానికి కాదన్న రోజు లేదు.

మార్చి నెలలో వడ్రంగి కొండలయ్యను వెంటబెట్టుకుని ఆత్మకూరు కలప అడితికి పోయాము. గుమాస్తా సన్న పలకలు చూపించాడు. అవి వద్దన్నాను. సందు సందుకూ గీత కనిపిస్తుంది, చాప పరిచినట్టు ఉంటుంది. తర్వాత మద్రాసు నుంచి వచ్చిన కొత్త రకం చూపించాడు. పైన పలుచగా టేకు, లోపల ఏదో చెక్క పొరలు పొరలుగా అతికించారు. "వెడల్పుగానూ ఉంటాది, వానకీ ఎండకీ వంగదు శెట్టెమ్మా" అన్నాడు.

"పైకొకటి, లోపలొకటి! అట్టాంటి మాయచెక్క మా ఇంటికొద్దు" అన్నాను.

లోపలి వరసలో పాత మానుల టేకు ఉంది. మూరెడు వెడల్పు. చేత్తో తట్టి చూశాను, గణగణమంది. అదే కావాలన్నాను. కొండలయ్య నసిగాడు.

"ఎడల్పు చెక్కతో కష్టమమ్మా. తేమ తగిలితే పళ్లెం మాదిరి వంగతాది. నీడన ఎండబెట్టి, వానలు ముదరక ముందే మొత్తం మేకులు దిగ్గొట్టేయాల. మొదలుపెడితే మద్దెలో ఆపేదానికి లేదు."

"ఆపమని ఎవురు చెప్పినార్రా నీకు?" అన్నాను.

ఎండాకాలమంతా పలకలు పెరట్లో పందిరి కింద ఆరాయి. ఆగస్టులో మొదటి పలక వేసే రోజు కొండలయ్య మేకుకు పసుపు రాసి, కొట్టబోతూ ఆగాడు.

"ఇంట్లో ఎవురూ కడుపుతో లేరు గదమ్మా? ఉంటే ఇప్పుడే చెప్పండి. ఇల్లాలికి కాన్పయ్యిందాకా నేను మేకు ముట్టను. తల్లికీ బిడ్డకీ మంచిది కాదు."

ఇక్కడి వడ్రంగులందరికీ ఇదే పట్టింపు. తమరు వేరే ఊరి నుంచి వచ్చారు కాబట్టి చెబుతున్నాను. లేరని చెప్పాను. అప్పటికి నిజమే చెప్పాను.

ఆ వారంలోనే మాలకొండమ్మ వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పెళ్లయి మూడేళ్లు, ఎక్కని కొండ లేదు, మొక్కని దేవుడు లేడు. ముఖం వెలిగిపోతోంది. "అత్తా, నెల తప్పినాను" అంది.

నేను కిటికీలోంచి పలకల వైపు చూశాను. అప్పటికి నాలుగు పలకలే దిగాయి. ఇప్పుడు చెబితే మే నెల దాకా పని ఆగుతుంది. నడుమ వానలు. మూరెడు పలకలు, అన్నీ పళ్లేలైపోతాయి.

"నోరు మూసుకో. పలకలయ్యేదాకా ఎవురికీ చెప్పబాకు. మీ నాయనకి గూడా" అన్నాను.

ఆ పిల్లకు వేవిళ్లు ఎక్కువ. పెరట్లో కక్కుకోవడం కొండలయ్య చూశాడు. "కోడలమ్మకి ఏందమ్మా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. అప్పుడే ఈ ఉపాయం తట్టింది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు బయట చేరితే మూడు రోజులు పెరటి పాకలో కూర్చుంటారు. ఆ పాక కొండలయ్య పనిచేసే పందిరికి ఎదురుగానే ఉంది. నెలనెలా అక్కడ కూర్చుంటే ఇక ఎవడికీ అనుమానం రాదు.

ఆ పిల్ల ఏడ్చింది. "బిడ్డను కడుపులో పెట్టుకోని ముట్టని కూసుంటే పాపం అత్తా" అంది.

"పాపం నాది. నువ్వు కూసో" అన్నాను.

మొగుడి వైపు చూసింది. వాడు తలుపు దగ్గరే నిలబడి "అమ్మ చెప్పినట్టు చెయ్యి" అని కొట్లోకి పోయాడు.

సెప్టెంబరులో కూర్చుంది, అక్టోబరులో కూర్చుంది. కొండలయ్య నమ్మాడు. పలకలు చక్కగా దిగుతున్నాయి. ఒకదానికొకటి ఆనించి వేస్తే సందులో గోరు కూడా దూరదు. మీరే వచ్చి చూడండి.

నవంబరులో కూర్చోబెట్టేసరికి ముసురు పట్టింది. పాక కప్పు కారుతోంది. లోపలికి వస్తానంది. బయట ఉన్న మనిషి లోపలికి ఎట్లా వస్తుంది, ఎదురుగా వడ్రంగి చూస్తుంటే? గోనెపట్టా ఇప్పించాను. ఇవ్వలేదని పెంచలనరసయ్య రాయించాడట. అబద్ధం. ఇప్పించాను.

రెండో రోజు, అంటే పంతొమ్మిదో తేదీ శుక్రవారం పొద్దున్నే నొప్పి అని మొదలుపెట్టింది. పనిమనిషి రోశమ్మ వచ్చి "అమ్మా, చీర తడస్తా ఉండాది. మంత్రసానిని పిలస్తాను" అంది. మంత్రసాని గడప తొక్కితే కొండలయ్యకు తెలియదా? ఇంకో ఎనిమిది పలకలే మిగిలాయి. "దాన్ని ముట్టుకున్నావంటే మళ్లా నా ఇంట్లో పనికి రాబాకు" అన్నాను. రోశమ్మ దూరంగా నిలబడి ఏడ్చింది.

కొండలయ్య కూడా అడిగాడు. "అమ్మా, కోడలమ్మ మూలగతా ఉండాది."

"ముట్టు నొప్పిరా. ఆడోళ్ల సంగతి నీకెందుకు? పైకి పోయి మేకులు కొట్టుకో" అన్నాను.

వాడు పైకి పోయి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పిల్లకు ఆ పట్టింపు మీద పిచ్చి నమ్మకం. కడుపు పట్టుకుని అరిచింది.

"అత్తా, మేకులు ఆపమను. ఒక్కొక్క దెబ్బా నా బిడ్డకి తగలతా ఉండాది. నీ కాళ్లు పట్టుకుంటా, ఆపమను."

ఆపమనలేదు. నొప్పికి ఎవరైనా ఏదో ఒకటి అంటారు. నా కొడుకు పెరటి గడప దాకా వచ్చి నిలబడ్డాడు. ఆ పిల్ల వాడికేసి చేయి చాచింది. వాడు గడప దాటలేదు. నేను దాటొద్దని చెప్పలేదు. నా వైపు చూశాడు, అంతే.

మధ్యాహ్నమైంది. ఇంకా మూడు పలకలు. అప్పుడు ఆ పిల్ల ఎట్లా లేచిందో, పాక గుంజ పట్టుకుని లేచి, పైకి చూసి ఒక్క అరుపు అరిచింది.

"కొండలయ్యా! నాకు ముట్టు కాదు. నేను కడుపుతో ఉండాను."

పైన సుత్తి ఆగింది.

వాడు కిందికి వచ్చి నా ముఖం చూడలేదు. సుత్తి బావిలో పారేశాడు. "నా చేతులతో కొట్టించినావే తల్లీ" అన్నాడు. నన్ను నువ్వు అన్నాడు, మా ఇంటి అన్నం తిన్నవాడు! హాలు నడిమధ్యకని నేను ఏరి పక్కన పెట్టుకున్న పలక తెచ్చాడు. అన్నిటికంటే వెడల్పైన పలక. ఇంకో చెక్క తీసుకోరా అన్నాను. వినలేదు. దానిమీద ఆ పిల్లను పడుకోబెట్టి, ఒకవైపు వాడు, ఒకవైపు రోశమ్మ ఎత్తుకుని వానలో ఆసుపత్రికి పోయారు. పోయేసరికే ప్రాణం లేదని డాక్టరు చెప్పాడట. మగబిడ్డ అని రోశమ్మ అంది. నేను చూడలేదు.

నేను చెయ్యి చేసుకోలేదు. ఒక్క దెబ్బ కొట్టలేదు. అన్నం పెట్టలేదని ఎవరూ అనలేరు. కొట్టినవి మేకులు, కొట్టినవాడు కొండలయ్య. సాయంత్రం దాకా ఓర్చుకుని ఉంటే పనీ అయిపోయేది, మంత్రసానినీ పిలిచేదాన్ని. పిలవాలనే అనుకున్నాను.

పెంచలనరసయ్య వచ్చి మా గుమ్మంలో కూలబడి, ఈ సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా అని కూతుర్ని అడుగుతున్నాడు, శవాన్ని అడుగుతున్నాడు. చెప్పొద్దంది నేనేనని ఆయనకు చెప్పాను. దాచలేదు.

ఇక నేను అడగవలసింది ఒక్కటే ఉంది. ఆ పలక మీరు తెచ్చి స్టేషను వరండాలో గోడకు ఆనించారు. జల్లు కొడుతోంది, ఇందాక వస్తూ చూశాను, అప్పుడే వంగుతోంది. కనీసం పడుకోబెట్టి మీద బరువు పెట్టించండి. మరక ఒకవైపే అయింది. చిత్రిక పడితే పోతుంది, పోకపోతే ఆ వైపు కిందికి వేస్తాము. హాలు నడుమ మూడు పలకల మేర ఖాళీగా ఉంది. పై నుంచి చూస్తే కింద పెరట్లో పాక కనిపిస్తోంది. నా కొడుకు పొద్దస్తమానం అక్కడే కూర్చుని కిందికి చూస్తున్నాడు, కొట్టు తెరవడం లేదు. అది మూసేయాలి. ఈ చుట్టుపక్కల వడ్రంగులెవరూ రామంటున్నారు. తమరు ఒక మాట చెబితే వస్తారు.

ఎవరి బలవంతమూ లేకుండా, తెలివితో ఉండి, జరిగినది జరిగినట్టు చెప్పాను.

పై వాంగ్మూలం సాక్షికి మొదటి నుంచి చదివి వినిపించడమైనది. కోడలిని గురించి రాసినదంతా సరే అన్నది. ఒక్కచోట దిద్దించినది. కోడలిని ఆసుపత్రికి మోసిన పలక వెడల్పు మూరెడు కాదు, మూర మీద రెండంగుళాలు. దిద్దిన పిమ్మట వేలిముద్ర వేసినది.

ఆదిలక్ష్మమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర